ఎడమ పక్క సీసా

ముక్కు మీద దురద. గోక్కోవడానికి వీల్లేదు. కుడి చెయ్యి మేడంగారి కింద సీటులా ఇరుక్కుపోయి ఉంది, ఎడమ చెయ్యి ఆ చిన్న వీపు మీద ఉంది, వీపు లేస్తోందా, దిగుతోందా, మళ్ళీ లేస్తోందా అని కనిపెట్టుకుని ఉంది, దాన్ని అక్కణ్ణించి తీసే ధైర్యం నాకు లేదు. మేడంగారంటే మా పాప. మూడు నెలలు నిండాయి. ఇంట్లో ఉన్న ఇద్దర్నీ నిలబెట్టి పని చేయించుకుంటుంది గనక వాళ్ళమ్మ పెట్టిన పేరది. ఇప్పుడు ఆ మేడంగారు నా భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరిచి, నా చొక్కా తడుపుతూ నిద్రపోతోంది. ఆ నిద్ర నిద్రేనా అన్నది నా గొడవ. ఎందుకంటే ఈ పొద్దున తన ఒంట్లోకి చుక్కల మందు ఒకసారి వెళ్ళిందో రెండుసార్లు వెళ్ళిందో నాకు తెలియదు. ఒకసారి నేను వేశాను, అది ఖాయం. అంతకుముందే వాళ్ళమ్మ వేసి వెళ్ళిందా లేదా అన్నది వాళ్ళమ్మకే తెలుసు. వాళ్ళమ్మ ఈ క్షణాన ఊరికి ఆ చివర బస్సు నడుపుతోంది. నడిపేవాళ్ళ ఫోన్లు డిపోలో పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. డిపో గుమస్తాకి ఫోన్ చేసి బతిమాలితే, "నడుస్తున్న బస్సులో ఆవిడకి పిల్ల సంగతి చెప్పమంటారా సార్? వెనకాల బస్సు నిండా జనం ఉన్నారు. చివరి స్టాపులో దిగీ దిగగానే ఆఫీసు ఫోన్‌లోంచి చేయిస్తాను, నాదీ పూచీ" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. నేనైనా అదే చేసేవాణ్ణి. అయినా వాడి మీద కోపంగానే ఉంది.

క్లినిక్‌లో నర్సమ్మకి కూడా చేశాను. ఒకసారే అయితే పడుకోనివ్వండి, రెండుసార్లయితే మాత్రం వెంటనే తీసుకొచ్చెయ్యండి, ఏదన్నదీ తెలిసేదాకా నిటారుగా భుజానేసుకుని కూర్చోండి, కుదపకండి, పాలు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే అదో తంటా, కళ్ళు పైకి తిరిగినా మెడ ఒక పక్కకి బిగుసుకున్నా ఊపిరి తేడాగా ఉన్నా మాత్రం ఎవరికోసమూ ఆగకండి అంది. ఇక్కడంతా జ్వరాల పిల్లలు, ఊరికే వాళ్ళ మధ్యకి తేవద్దు అని కూడా అంది. తీసుకెళ్ళిపోతే పోలా అని నాకు అనిపిస్తూనే ఉంది. లేద్దామని మోకాళ్ళలో బలం కూడదీసుకుంటాను, మేడంగారి గొంతులో గుడగుడమంటుంది, మళ్ళీ కూలబడతాను. కళ్ళు పైకి తిరిగాయా అని చూడాలంటే కళ్ళు తెరిచి ఉండాలి కదా. మూసుకున్న రెప్పల కింద నల్లగుడ్డు ఎటుందో ఏ తండ్రికి తెలుస్తుంది. ఒకసారి వేలితో రెప్ప ఎత్తుదామని చెయ్యి కంటి దాకా తెచ్చాను. ఎత్తితే లేస్తుంది, లేస్తే ఏడుస్తుంది, ఏడిస్తే వాంతి. ఎత్తలేదు. మడమ మీద చిన్నగా గిల్లాను. కాలు వెనక్కి లాక్కుంది గానీ ఎవరో గుర్తు చేస్తే లాక్కున్నట్టు, కాస్త ఆగి లాక్కుంది. లేక ఆ ఆలస్యం నా భయంలోంచి వచ్చిందేమో.

సీసా ఎదురుగా కిటికీ గట్టు మీదే ఉంది. బొటనవేలంత సీసా, దాని మీద నవ్వుతున్న ఎలుగుబంటి బొమ్మ. ఎడమ పక్కన ఉంది. అదే చిక్కంతా. మా ఇంట్లో దానికో పద్ధతి ఉంది, పెట్టిన మహానుభావుణ్ణి నేనే. నాది లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం. లిఫ్టు గోతిలోకి మనిషి దిగేముందు పైన మెయిన్ స్విచ్ ఆపి దానికి తన పేరున్న అట్ట తగిలించి దిగుతాడు. ఆ అట్టని తగిలించినవాడే తియ్యాలి, కంపెనీ యజమాని వచ్చి అరిచినా ఇంకొకడు ముట్టుకోకూడదు. కిందున్నవాడి ప్రాణం ఆ అట్టలో ఉంటుంది. నోటిమాట మీద నడిపిన చోటల్లా చేతులో కాళ్ళో పోగొట్టుకున్నవాళ్ళని నేను చూశాను. అందుకని చుక్కల మందు ఇంటికొచ్చిన రోజే చెప్పాను, మనిద్దరం నిద్రలేని మనుషులం, వేశావా అంటే వేశాను అనుకునే వేశాను అంటాం, మాటలొద్దు, పొద్దున మందు వేసినవాళ్ళు సీసాని కుడి పక్కకి జరపాలి, సాయంత్రం వేసినవాళ్ళు మళ్ళీ ఎడమకి తేవాలి, అంతే. పొద్దున లేచేసరికి ఎడమనుంటే వెయ్యాలి, కుడినుంటే పడిందని. వాళ్ళమ్మ ఎగతాళి చేసింది. "నాకూ ఓ గట్టు చూపించు, అన్నం తిన్నానో లేదో నేనూ జరుగుతాను" అంది. కానీ తు.చ. తప్పకుండా జరిపేది. ఈ పొద్దున నేను లేచేసరికి తను వెళ్ళిపోయింది, సీసా ఎడమనే ఉంది, పాపం టైమైపోయి నాకు వదిలేసింది కాబోలనుకున్నాను. గీతలున్న మందు గొట్టంలోకి చుక్కలు లాగి, డాక్టరుగారు నిన్న పెంచమన్న గీత దాకా చూసుకుని మరీ, బుగ్గ పక్కనించి మెల్లగా వేశాను. సీసాని కుడికి జరపబోతూ మంచం మీద గుడ్డ తీశాను. పిల్ల మూతి తుడిచే గుడ్డ. దాని అంచు మీద గులాబీరంగు చుక్క, ఇంకా తడిగా. వాసన చూస్తే స్ట్రాబెర్రీ. గొట్టం చేతిలోకి తీసుకున్నప్పుడు లోపల తడిగా తగలనే తగిలింది, చెయ్యి గమనించింది, బుర్ర గమనించలేదు. సీసా ఎక్కడిదక్కడే వదిలేశాను, ఇంక దాన్ని ఏ పక్కకి జరపాలో నాకు తెలియలేదు.

మందులు మా ఇంటికి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వచ్చాయి. ముందు ఏ మందూ లేదు, పాలే. తాగిన పాలు తాగినట్టే పైకి వచ్చేవి, వచ్చినవి ఊరికే వచ్చేవి కావు, మండించుకుంటూ వచ్చేవి, మేడంగారు విల్లులా వెనక్కి వంగి, పిడికిళ్ళు బిగించి, ఇంటికప్పు ఎగిరిపోయేలా అరిచేది. ఆకలేసి నోరు తెరుస్తుంది, రెండు గుక్కలు తాగుతుంది, మంట గుర్తొచ్చి పీక తిప్పేస్తుంది, ఆకలి మళ్ళీ తిప్పుతుంది. అంత చిన్న ప్రాణి తనతో తనే అలా కొట్లాడుతుంటే పక్కన నిలబడి చూడటం కంటే ఘోరం నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. తొట్టె తలవైపు ఎత్తు పెట్టమని ఎవరో అంటే నేను రసమట్టం తెచ్చి, చెక్క దిమ్మెలు కోసి, కచ్చితమైన వాలు పెట్టాను. డాక్టరుగారు విని చీవాట్లు పెట్టారు, పిల్లని వెల్లకిలా బల్లపరుపుగానే పడుకోబెట్టాలయ్యా, జారి మెడ ముడుచుకుపోతే ఎవడిది పూచీ అన్నారు. దిమ్మెలు తీసేశాను. తర్వాత పొట్టలో పులుపు తగ్గించే మందు వచ్చింది. మంట తగ్గింది, కడుపు బిగిసింది. నాలుగేసి రోజులు గడిచిపోయేవి, మేడంగారు ఎర్రబడి ముక్కేది, ఏమీ వచ్చేది కాదు. దానికి ఇంకో మందు. అది వదులు చేసింది, చేస్తే ఆగదు కదా, పిర్రలు ఒరిసిపోయి పచ్చిపుండు, గుడ్డ తగిలితే కేక. దానికి పూత. పాలు చిక్కగా కలపండి అన్నారు, కలిపితే తాగడానికి బలం చాలక మధ్యలోనే అలిసిపోయేది. ఒకటి తగ్గించబోతే ఇంకోటి తగులుకునేది, డాక్టరుగారు మాత్రం ప్రతిసారీ ఒకేమాట, కూర్చోవడం వచ్చేసరికి చాలామందికి దానంతటదే పోతుందండీ, కాస్త ఓర్చుకోండి. ఓర్చుకోవడం మనకి చేతనవును. కడుపులో ఏం జరుగుతోందో తెలియనిదానికి ఎవరు చెప్తారు ఓర్చుకోమని.

చివరికి ఈ చుక్కలు వచ్చాయి. తాగినదాన్ని తొందరగా కిందికి దింపే మందు. కొంచెం మగతగా ఉండొచ్చు, అరుదుగా ఇంకేవైనా ఉండొచ్చు, కనిపెట్టి ఉండండి అన్నారు. వేసిన మర్నాటికి ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నిజంగా, గోడగడియారం మాకు ఉందని అప్పుడు తెలిసింది. నేను వేడి టీ వేడిగా తాగాను. కింది వాటాలో ముసలావిడ మెట్ల దగ్గర కనబడి "పాపని ఎక్కడికైనా పంపించారా నాయనా?" అని అడిగింది. ఆ వారం పైచిలుకు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పకపోతే పాపం. ఇదివరకు పిల్లని ఎత్తుకుంటే బాంబు ఎత్తుకున్నట్టుండేది, అప్పుడు మాత్రం పిల్లని ఎత్తుకున్నట్టే ఉంది. వాళ్ళమ్మ మాత్రం ఆ నిశ్శబ్దాన్ని నా అంత ఇష్టపడలేదు. పొద్దున్నే చీకట్లో బస్సుకి వెళ్ళేముందు తొట్టె మీదికి వంగి చాలాసేపు చూసేది. ఇంకా నవ్వలేదేమిటి, ఈపాటికి పిల్లలు నవ్వుతారట, మొహం చూసి నవ్వుతారట అనేది. క్లినిక్‌లో కూడా అదే అడిగారు, నవ్వుతోందా, మీ మొహం చూసి నవ్వుతోందా అని. మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. లేదండీ అన్నాను. పోనీ, చూద్దాం అని నర్సమ్మ ఏదో రాసుకుంది. ఆ "పోనీ" అన్న మాట ఇంటిదాకా మాతో నడిచొచ్చింది. నేను పగలంతా పిల్ల ఎదురుగా కోతిలా పళ్ళు ఇకిలించేవాణ్ణి, నాలుక బయటపెట్టేవాణ్ణి, టార్చిలైటు వేసుకుని దెయ్యంలా నవ్వేవాణ్ణి. మేడంగారు నన్ను, నా వెనక అలమరాని, రెండింటినీ సమానంగా చూసేది. మంటల్లో పుట్టి మంటల్లోనే పెరుగుతున్న పిల్లకి నవ్వడానికి తీరికేదిలే అనుకునేవాణ్ణి. లోపల ఇంకేదో అనుకునేవాణ్ణి, దాన్ని వాళ్ళమ్మకి చెప్పలేదు. పిల్లలోనే ఏదో తక్కువేమోనని.

తర్వాత ఈ మూడు రోజులు. సీసా కుడి పక్కనే ఉండేది, అంటే మందు పడింది, అయినా మధ్యాహ్నం కాకముందే పాత భాగోతం మొదలు. అదే విల్లు, అదే కేక. భుజం మీద వేసుకుని ఈ గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ఈ గదిలోకి తిరిగి తిరిగి నా పాదాల కింద గచ్చు అరిగిపోయి ఉంటుంది. మూడోరోజు, అంటే నిన్న, ఇక లాభం లేదని డాక్టరుగారికి ఫోన్ చేసి, చుక్కలు పనిచెయ్యడం మానేశాయండీ, రోజంతా ఏడుపే అన్నాను. ఆయన బరువడిగి, ఆలోచించి, ఒక గీత పెంచి చూడండి అన్నారు. రాత్రి భోజనాల దగ్గర చెప్తే వాళ్ళమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. "పెంచమన్నారా?" అంది. అవునన్నాను. కంచం తీసుకుని లేచిపోయింది. అలిసిపోయి ఉంటుందిలే అనుకున్నాను. పెంచిన గీత. రెండుసార్లు పడి ఉంటే, పెంచిన గీత రెండుసార్లు. ఈ లెక్క నా బుర్రలో ఎన్నిసార్లు తిరిగిందో, తిరిగిన ప్రతిసారీ నోరు తడారిపోతోంది. మంచినీళ్ళు వంటింట్లో ఉన్నాయి. వంటింటికి ఎనిమిది అడుగులు ఉంటుందేమో, పరాయి దేశంలో ఉన్నట్టుంది.

లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళతో నేను ఎంత తేలిగ్గా మాట్లాడేవాణ్ణి. తలుపు సందులో నోరు పెట్టి, భయం లేదండీ, గాలి ఆడుతుంది, కింద పడదు, ఏ మీటా నొక్కకండి, ఉన్నచోటే కూర్చోండి, నేను పైకెళ్ళి చేత్తో తిప్పి దింపేస్తాను. వందలసార్లు చెప్పి ఉంటాను, రైల్లో పల్లీలమ్మేవాడి గొంతులాగా అరిగిపోయింది నా గొంతు ఆ మాటలతో. లోపల ఉన్నవాళ్ళు రకరకాలు. కొందరు మీటలన్నీ వరసగా నొక్కుతారు. ఒకాయన తలుపు తెరవగానే నన్ను చెడామడా తిట్టి, అదే లిఫ్టు ఎక్కి పైకి పోయాడు. ఒకావిడ మటుకు సామాను సంచి మీద కూర్చుని కళ్ళు మూసుకుని ఉంది, తలుపు తెరిస్తే కళ్ళు తెరిచి "అప్పుడే అయిపోయిందా బాబూ, ఇంట్లో నన్నెవరూ పిలవని చోటు ఇదొక్కటే" అంది. నవ్వుకుంటూ ఇంటికొచ్చి వాళ్ళమ్మకి చెప్తే తను నవ్వలేదు, నిజమేగా అంది. అప్పుడు మేడంగారు ఇంకా కడుపులో ఉంది. ఇరుక్కున్నవాడికి బయటివాడి ధైర్యవచనాలు ఎలా వినబడతాయో నాకిప్పుడు తెలుస్తోంది. నర్సమ్మ ఎంత నిదానంగా చెప్పింది, కనిపెట్టుకుని కూర్చోండి అని. కూర్చున్నాను తల్లీ. నా కాలు నాది కాకుండా పోయింది. ఒంటేలుకి వెళ్ళాలి. ఎండ కిటికీలోంచి దిగి మేడంగారి చెవి మీదికి రాబోతోంది, వస్తే చిరాకుపడి లేస్తుంది, కుర్చీ తిప్పలేను. బయట మా లిఫ్టు దిగుతూ ప్రతి అంతస్తులోనూ కీచుమంటోంది, బ్రేకు దిమ్మ అరిగింది, ఎన్నాళ్ళనించో అనుకుంటున్నాను మార్చాలని, సొంత ఇంటి లిఫ్టుకి వైద్యం చేసే తీరిక లేని లిఫ్టు డాక్టర్ని.

వాళ్ళమ్మ బ్రేకు వేస్తే ఏమీ కీచుమనదు. నాకు తను తెలిసిందే అలా. బస్సులో నిలబడి, ఓ చేత్తో పనిసంచి, ఓ చేత్తో మూతలేని గ్లాసులో టీ పట్టుకుని వెళ్తున్నాను, బుద్ధిలేని పని, స్టాపు వచ్చింది, బస్సు ఆగింది, ఆగిన సంగతి టీకి తెలియలేదు. దిగేటప్పుడు ముందుకెళ్ళి చూశాను ఎవరబ్బా ఈ నడిపేది అని. ఆ మనిషికి పుట్టిన పిల్ల తాగిన బొట్టు తాగినట్టు ఒలకబోస్తుందని ఎవరనుకున్నారు. కాన్పు సెలవు అయిపోయిన రోజున తను స్నానాలగదిలో కొళాయి తిప్పి ఏడ్చింది, నీళ్ళ చప్పుడులో వినబడదనుకుంది. ఒకళ్ళు మానేయక తప్పదు, తనది మానితే మళ్ళీ రాని ఉద్యోగం, నాది సెలవుల్లో రాత్రిళ్ళు ఎలాగోలా చేసుకునేది, అందుకని నేను ఆగాను. మగవాడు పిల్లని చూసుకుంటున్నాడని కింది వాటా ముసలావిడ నన్ను దేవుణ్ణి చేసేసింది, తన గురించి మాత్రం "ఆ తల్లి గుండె రాయమ్మా" అందట. రాయే అయితే కొళాయి ఎందుకు తిప్పుకుంటుంది. పిల్ల ఊపిరి మారింది. లేదు, లేదు, నిట్టూర్చింది, అంతే. పిల్లలు నిట్టూరుస్తారా? దేని గురించి? లే అమ్మా. లేవకు. లేచి ఒక్కసారి నన్ను చూసి మళ్ళీ పడుకో. నేను వారం రోజులు ఆనందించిన ఆ నిద్ర ఇదే రకం నిద్ర అయితే, ఎన్ని చుక్కలు పడినా అది హాయిగా పడుకోవడం కాదన్నమాట, నోరు మూయించడమన్నమాట. ఇది కూడా అనిపిస్తోంది. పారిపోవడానికి లేదు గనక అన్నీ అనిపిస్తున్నాయి.

ఫోన్ కుర్చీ చేతి మీద ఉంది. మోగింది. ఎడమ చెయ్యి వీపు మీంచి తీసి అందుకున్నాను, చెవికీ భుజానికీ మధ్య ఇరికించాను, చెయ్యి మళ్ళీ వీపు మీద పెట్టాను.

"ఏమైంది? మేడంగారికి ఏమైంది?"

"పొద్దున మందు వేశావా?"

అటుపక్క ఎవరో ఎవరినో టికెట్ల గురించి అడుగుతున్నారు.

"వేశావా లేదా, ఒక్కమాట చెప్పు."

"వేశాను," అంది. "ఇవాళ వేశాను."

"సీసా ఎడమనే ఉంది."

"అయ్యయ్యో. జరపలేదా నేను? నువ్వు మళ్ళీ వేశావా? పెంచిందే వేశావా?"

అప్పటికే లేచి నిలబడ్డాను. కాలు తిమ్మిరెక్కి గోడ పట్టుకోబోయాను, పట్టుకోవడానికి చెయ్యి లేదు, భుజంతో ఆనుకున్నాను. మేడంగారు కదిలింది, ఓ గుటక వేసింది, వాంతి రాలేదు. చెప్పుల్లో కాళ్ళు దూర్చాను. లిఫ్టు దగ్గర ఆగలేదు, మెట్లే దిగాను, ఇవాళ ఇరుక్కునే ఓపిక నాకు లేదు. క్లినిక్ రెండు వీధుల అవతల. అంగట్లో ఎవరో పలకరించారు, తలూపాను. ఫోన్‌లో తను ఉంది ఇంకా, ఏడుస్తోంది. డ్రైవరు ఏడుస్తుంటే ఆ బస్సు ఎవరు తెస్తారో. ఇంకొకరిని ఎక్కించారట, తను వస్తోందట.

"పిల్ల నీరసంగా ఉంది గానీ ఊపిరి బాగుంది. మెడ మెత్తగానే ఉంది. నువ్వు ఏడవకు," అన్నాను. అప్పుడు తట్టింది. "ఇవాళ వేశాను అన్నావేంటి? రోజూ వేస్తావుగా?"

"వెయ్యలేదు. మూడ్రోజులు వెయ్యలేదు."

"సీసా కుడిపక్కనే ఉందిగా మరి?"

"వెయ్యకుండానే జరిపాను. ఆ మందు మొదలయ్యాక పిల్ల నేను వెళ్ళేటప్పుడూ నిద్రే, వచ్చేసరికీ నిద్రే. కళ్ళు తెరిచినా ఎటో చూస్తుంది. నా బస్సెక్కే జనం మొహాలే నాకు ఎక్కువ తెలుసు. ఒక్కరోజు మానేసి చూద్దామనుకున్నాను, అంతే. నిన్న నువ్వు పెంచమన్నారని చెప్పావు. నీ మొహం చూస్తే భయమేసింది. నా వల్లే పెంచారు కదా. పొద్దున పెంచిందే వేసేశాను. అలవాటు తప్పి జరపడం మర్చిపోయి ఉంటాను."

మూడు రోజులు వెయ్యకుండా జరిపింది, వేసిన రోజు జరపలేదు. నేను తిరిగిన తిరుగుడంతా, డాక్టరుగారికి నేను చెప్పిన అబద్ధమంతా, పెంచిన గీత, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. నడుస్తూనే ఉన్నాను. గట్టిగా అరవాలని ఉంది, భుజం మీద పిల్ల ఉంది, అరవడానికి కూడా వీల్లేదు. పళ్ళ బిగువున అడిగాను, "ఒక్కరోజు అనుకుంటే మూడ్రోజులెందుకైంది?"

ముక్కు చీదుకుంది.

"నవ్వింది," అంది.

నా కాళ్ళు ఆగిపోయాయి. వెనకనించి వస్తున్నవాళ్ళు విసుక్కుంటూ పక్కకి తప్పుకుని వెళ్ళారు.

"మొదటిరోజే నవ్వింది. లైటు వేసి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను, చూస్తోంది, నన్నే. నేనేం చెయ్యలేదు. ఊరికే చూసి నోరంతా తెరిచి నవ్వింది. మర్నాడు కూడా. నిన్న నేను వంగకముందే నవ్వింది. నీకు చెప్పాలని పరిగెత్తుకుంటూ మంచం దాకా వచ్చాను, చెప్తే మందు సంగతి కూడా చెప్పాలిగా. నువ్వు ఒళ్ళెరగని నిద్రలో ఉన్నావు."

పిల్ల ప్రాణం నా భుజం మీద ఉన్న ఈ పూట నాకు కోపం రావలసింది మందు దాచినందుకు. దానికి రాలేదు. నవ్వు దాచినందుకు వచ్చింది. పక్కగదిలో నేను ఉన్నాను, మా పిల్ల నవ్వింది, ఒకటికి మూడుసార్లు నవ్వింది, నేను పడుకుని ఉన్నాను, లేచి కోతి వేషాలు వేశాను. ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది, రెండింటికీ ఒకటే గొంతు కావడంతో ఏదీ బయటికి రాలేదు. "నువ్వు రా ముందు," అని పెట్టేశాను. మిగిలిన వీధి పరుగెత్తాను, కుదపకుండా పరుగెత్తడం ఎలాగో నా కాళ్ళు అప్పటికప్పుడు నేర్చుకున్నాయి. దారి పొడుగునా నర్సమ్మకి చెప్పవలసింది మనసులో అప్పజెప్పుకున్నాను, రెండుసార్లు పడిందండీ, పెంచిన మోతాదు, తల్లి చీకటితో, నేను లేచాక, మూడ్రోజులు పొద్దున మందు లేదు.

నర్సమ్మ నన్ను చూడగానే జ్వరాల పిల్లల్ని దాటించి లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. మేడంగారిని నా భుజం మీంచి తీసుకుంది. నా భుజం తేలికైపోయి, తడి చొక్కాకి గాలి తగిలి చల్లబడింది. బల్ల మీద పడుకోబెట్టి మెడ చూసింది, చేతులు ఆడించి చూసింది, గుండెకి యంత్రం ఆనించింది. పాదం మీద గట్టిగా తట్టింది. మేడంగారు మొహం చిట్లించి, ఎవర్రా అన్నట్టు కళ్ళు తెరిచి, బొంగురుగా, బద్ధకంగా, అయినా ఏడ్చింది. నర్సమ్మ చిన్న లైటు కళ్ళ ముందు అటూ ఇటూ తిప్పింది. కళ్ళు లైటు వెంట కొంచెం ఆలస్యంగా, తిన్నగానే వెళ్ళాయి.

"పైకి తిరగట్లేదు, బిగుసుకోలేదు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచి చూస్తాం, ఈలోపు డాక్టరుగారు వస్తారు. మీరు ముందు కూర్చోండి," అని ఆవిడ కలం తీసుకుంది. "ఇప్పుడు చెప్పండి, అసలు ఏం జరిగింది?"

నేను నోరు తెరిచాను.

"మా పాప నవ్విందటండీ," అన్నాను.